శ్రీకాకుళంలో రోగుల ఇళ్ళకు వెళ్ళి నర్సింగ్ సేవలు: సొంతంగా మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న (నాగావళి గట్టు)

నేను బీఎస్సీ నర్సింగ్ చదివి, విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో పదకొండేళ్ళు పనిచేశాను. మా అత్తగారికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మానుకుని గత సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చేశాను. ఆమెకు రైల్స్ ట్యూబు (ముక్కు ద్వారా కడుపులోకి ఆహారం పంపే గొట్టం) మార్చడం, నడుము దగ్గర పడిన పుండుకు డ్రెస్సింగ్ చేయడం చూసి మా వీధిలోనే మరో మూడు ఇళ్ళవారు నన్ను పిలవడం మొదలుపెట్టారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడిపోగా ముసలివారు ఇద్దరే మిగిలిన ఇళ్ళు ఇటు బలగలోనూ అటు గుజరాతీపేటలోనూ చాలానే ఉన్నాయి. మంచం దిగలేని మనిషిని ఆటోలో కూర్చోబెట్టి, కాథెటర్ (మూత్రం గొట్టం) మార్పించుకుని రావడానికి వారికి ఒక పూటంతా పడుతోంది.

మా వదిన అమెరికాలో నర్స్ ప్రాక్టిషనర్. తన కారులోనే రోగుల ఇళ్ళకు వెళ్ళి, పరీక్షించి, మందులు కూడా తానే రాస్తుంది. ఆ పద్ధతిలో నేను ఇక్కడ నా పేరుతో బోర్డు పెట్టుకుని పనిచేయవచ్చా? ఏ పనులు చేయవచ్చు, ఏవి చేయకూడదు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (టెక్కలి నుంచి టెక్సస్)

మీ వదినగారు చేసే పనే నేనూ చేస్తున్నాను కనుక ముందుగా ఒక అపోహ తీరుస్తాను. ఇక్కడ అమెరికాలో నర్స్ ప్రాక్టిషనర్ కావాలంటే బీఎస్సీ తర్వాత మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చదివి, జాతీయ స్థాయి పరీక్ష నెగ్గి, ప్రత్యేక లైసెన్సు తీసుకోవాలి. అప్పటికీ స్వేచ్ఛ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండా పనిచేయవచ్చు గానీ, మా టెక్సస్‌లో డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం లేనిదే నేను మందు చీటీ రాయలేను. ఒకే పనికి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వారు డాక్టరుకు నిర్ణయించిన రుసుములో మాకు 85 శాతమే చెల్లిస్తారు. ఇళ్ళ మధ్య దూరాలు ఎక్కువ కనుక రోజుకు ఎనిమిది మందిని చూడటమే గగనం. అమెరికాలో చూసిన బోర్డును అలాగే తెచ్చి శ్రీకాకుళంలో పెట్టవద్దని నా మనవి.

జవాబు (కోట దగ్గర సిస్టర్, విజయనగరం)

నేను విజయనగరంలో ఐదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో నర్స్ ప్రాక్టిషనర్ పేరుతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ కోర్సు రెండేళ్ళ పీజీ రెసిడెన్సీ. అది ఆసుపత్రి ఐసీయూల కోసం ఉద్దేశించినది. ఆ చదువు లేకుండా ఆ మాటను బోర్డు మీద రాయకండి. మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. షెడ్యూల్ హెచ్ మందులకు రిజిస్టర్డ్ డాక్టరు చీటీ తప్పనిసరి. గ్రామ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బంది) కొన్ని మందులు ఇస్తున్నారు కదా అంటారేమో, అది ప్రభుత్వం గీసిన గీతలో, ప్రభుత్వ ఉద్యోగులుగా వారు చేస్తున్న పని.

నేను పట్టణంలో ఒక ఫిజీషియన్‌ను, ఒక యూరాలజిస్టును కలిసి మాట్లాడుకున్నాను. వారి చీటీ లేకుండా సూది ముట్టుకోను. చీటీని ఫోటో తీసి, తేదీ వేసి రిజిస్టరులో అతికిస్తాను. నెలకు ఒకసారి ఆ రిజిస్టరు వారికి చూపిస్తాను. ఇది చాదస్తంగా కనిపించవచ్చు గానీ, గుమ్మం ఎక్కిన తర్వాత మీకు ఎదురయ్యే మొదటి కష్టం దీనితోనే తీరుతుంది. "నీరసంగా ఉంది సిస్టరమ్మా, ఒక సెలైన్ పెట్టేయండి" అంటారు. చీటీ లేదని మీరు కాదంటే వీధి చివరి ఆర్‌ఎంపీని పిలిచి పెట్టించుకుంటారు, మళ్ళీ మిమ్మల్ని పిలవరు కూడా. మొదటి ఏడాది నేను అలా పోగొట్టుకున్న ఇళ్ళే ఎక్కువ. గుండె బలహీనమైన ముసలాయనకు ఆ సెలైనే ఊపిరితిత్తుల్లోకి నీరు తెస్తుందని వారికి చెప్పి ఒప్పించడం కాథెటర్ వేయడం కన్నా కష్టమైన పని.

ఇంట్లో చేయదగినవి డ్రెస్సింగులు, కాథెటర్ మార్పు, రైల్స్ ట్యూబు, ఇన్సులిన్ నేర్పడం, పక్షవాతం రోగిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించడం ఇంటివారికి అలవాటు చేయడం వంటివి. ట్యూబు వేశాక అది కడుపులోకే చేరిందో లేదో తెలియడానికి గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం చాలదు. ట్యూబులోంచి లాగిన ద్రవానికి పీహెచ్ (ఆమ్లతను చూపే) కాగితం 5.5 లేదా అంతకు తక్కువ చూపిస్తేనే పాలు పోయండి. యాంటీబయాటిక్ సూది మొదటి డోసు ఆసుపత్రిలోనే పడాలి. తర్వాతి డోసులకు కూడా కిట్‌లో అడ్రినలిన్ (మందు పడక ప్రాణం మీదికి వస్తే ఇచ్చే సూది) ఉండాలి; ఎంత, ఎక్కడ ఇవ్వాలో డాక్టరు సంతకంతో రాయించి డబ్బా మూతకు అంటించుకోండి.

నా తప్పు ఒకటి చెబుతాను. ప్రోస్టేట్ పెరిగిన ఒక పెద్దాయనకు కాథెటర్ మారుస్తుంటే అడ్డు తగిలింది. ఐసీయూలో అయితే వెంటనే ఆగి డాక్టరును పిలిచేదాన్ని. ఆ ఇంట్లో అందరూ నా ముఖమే చూస్తుంటే పరువు పోతుందనుకుని కొంచెం బలంగా తోశాను. రక్తం వచ్చింది, రాత్రి పదకొండింటికి 108లో తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆయన కోలుకున్నారు. ఆనాటి నుంచి అడ్డు తగిలితే రెండోసారి ప్రయత్నించను.

వాడిన సూదులు తెల్లని, గుచ్చుకోని డబ్బాలో వేసి, నేను చీటీలు తీసుకునే నర్సింగ్ హోమ్‌కు అప్పగిస్తాను, ఇంటి చెత్తలో వేయనివ్వను. కొత్త ఇంటికి మొదటిసారి వెళ్ళేటప్పుడు మా ఆయన బండి మీద దింపి వీధిలోనే ఉంటారు. కాథెటర్ మార్పుకు 600 రూపాయలు తీసుకుంటున్నాను, సామాను వారిదే.

జవాబు (పలాస డ్యూటీ డాక్టరు)

పై సిస్టర్ చెప్పినదానికి మన జిల్లాకు సంబంధించిన ఒక మాట చేర్చాలి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చి పట్టణంలో బంధువుల ఇంట ఉంటున్న మూత్రపిండాల రోగులు మీకు తప్పక తగులుతారు. వారు ఒళ్ళు నొప్పులని నొప్పి సూది అడుగుతారు. డైక్లోఫెనాక్ వంటివి మిగిలిన కాస్త మూత్రపిండాన్ని కూడా దెబ్బతీస్తాయి కనుక ఎవరు బతిమాలినా ఇవ్వవద్దు. డయాలిసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలను కలిపే శస్త్రచికిత్స) చేసిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారికి బయటికి వచ్చే ద్రవం మబ్బుగా కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పంపండి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనా, ఊళ్ళలో డయాలిసిస్‌కూ డయాలిసిస్‌కూ నడుమ రోగిని చూసే చేతులు తక్కువే. అయితే మీరు శ్రీకాకుళంలో ఉండి ఉద్దానానికి తిరగలేరు; ఆమదాలవలస దాటకుండా మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు (నాగావళి గట్టు)

అందరికీ నమస్కారాలు. బోర్డు రాయించడానికి నిన్ననే బయానా ఇచ్చాను. అందులో ప్రాక్టిషనర్ అన్న మాట తీయించి, "డాక్టరు చీటీ మేరకు ఇంటి వద్ద నర్సింగ్ సేవలు" అని మార్పించాను. ఒక సందేహం మిగిలింది. సామాను రోగివారే కొనాలన్నారు కదా, దుకాణంలో తప్పు సైజు కాథెటర్ ఇచ్చేస్తే ఏం చేస్తున్నారు?

జవాబు (కోట దగ్గర సిస్టర్, విజయనగరం)

సైజు, సిలికానా రబ్బరా అన్నది చీటీ మీదే డాక్టరు చేత రాయించి, వెళ్ళడానికి ముందు రోజు ప్యాకెట్ ఫోటో పంపమంటాను. రబ్బరుదైతే రెండు మూడు వారాలకే మార్చాలి, సిలికాన్‌ది మూడు నెలల దాకా ఉంటుంది కనుక ధర ఎక్కువైనా రెండోదే కొనమని చెబుతాను. నా రాకపోకలు తగ్గి నా ఆదాయం తగ్గుతుందనుకోండి, అది వేరే సంగతి.