పులిసింది, పులిసిపోయింది: ఇంట్లో చేసుకునే పానీయాలకు తెలుగులో ఏ మాట వాడదాం?

మాస్టారు నిన్న ఈ గుంపులో ఒక ప్రశ్న వేశారు. కొంబుచా (పులియబెట్టిన తియ్యటి టీ), నీళ్ల కెఫిర్ (గింజల్లాంటి తోడు వేసి పులియబెట్టే చక్కెర నీళ్లు), క్యారట్ కాంజీ (క్యారట్ ముక్కలు, ఆవపిండి వేసి పులియబెట్టే నీళ్లు) వంటివి ఈమధ్య చాలామంది ఇళ్లలోనే తయారు చేసుకుంటున్నారు గనుక వాటన్నిటికీ కలిపి తెలుగులో ఒక పేరు ఉండాలని, ‘కిణ్వపానీయాలు’ అంటే బాగుంటుందేమోనని వారి సూచన. గోదావరి ప్రాంతం నుంచి వచ్చి చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూరులో కాపురం ఉంటున్నదాన్ని, ఈ పానీయాల్లో రెండింటిని వంటింటి గట్టు మీద నడుపుతున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను. నా మట్టుకు ఆ పేరు వద్దు. కొత్త పేరు కట్టవలసిన అవసరం కూడా లేదు, ‘పులియబెట్టిన పానీయాలు’ అంటే చాలు.

ఇంగ్లీషు ‘ఫెర్మెంటేషన్’కు కిణ్వనం అనే మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, దానితో నాకు తగవు లేదు. అయితే సంస్కృతంలో కిణ్వమంటే సుర కాచేవారు పిండిలో కలిపే మందు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని (మద్యం మీద అధికారి) ప్రకరణంలో ఈ మాట కనిపిస్తుంది. దేహానికి వేరుగా ఆత్మ లేదనే చార్వాకులు దేహంలో చైతన్యం ఎలా పుడుతుందో చెప్పడానికి, కిణ్వాదుల నుంచి మత్తెక్కించే శక్తి పుట్టినట్లుగా అని పోల్చారు. అంటే ఆ మాట పుట్టుకలోనే కల్లు కుండ వాసన ఉంది. మడి కట్టుకుని తరవాణి (పులిసిన గంజి నీరు) కుండలో చెయ్యిపెట్టే మా నాయనమ్మ ఈ సంగతి వింటే ఏమనేదో ఊహించుకోవడం కష్టం కాదు. తమిళ పాఠ్యపుస్తకాలు ‘నొదిత్తల్’ అని, కన్నడిగులు ‘హుదుగువికె’ అని తమ తమ ధాతువుల నుంచే మాట తీసుకున్నారు. మనకు అంతకంటె మంచి క్రియ చేతిలో ఉండగా పక్కన పెట్టాం.

ఆ క్రియ ‘పులియు’. పులుపు, పుల్లన, పులుసు, పులిహోర అన్నీ దాని చుట్టాలే. తమిళుల పుళి, కన్నడిగుల హుళి కూడా ఆ కుటుంబంలోవే. అయితే రుచిని చెప్పడంతో ఈ క్రియ ఆగిపోదు. పక్కన చేరే చిన్న క్రియను బట్టి మనిషి ఇష్టాయిష్టాలను కూడా చెబుతుంది. ‘పిండి పులిసింది’ అంటే రేపు ఇడ్లీ బాగా వస్తుందని సంతోషం. ‘పిండి పులిసిపోయింది’ అంటే మన చేయి దాటిపోయిందని విచారం. ‘పులియబెట్టాను’ అంటే నా పూనికతో జరిగిన పని, ‘పులియనిచ్చాను’ అంటే నేను అడ్డుపడలేదు, దాని పని అది చేసుకుంది. కత్తిరి ఎండలు కాసే మే నెలలో చెన్నైలో ఈ నాలుగు మాటలూ ఒకే పగలు ఒకే గిన్నె గురించి అనవలసి వస్తుంది. ‘కిణ్వనం జరిగింది’ అన్నప్పుడు ఈ తేడాల్లో ఒక్కటీ పలకదు. ఇంకొక మెట్టు దిగితే ‘పాచిపోవడం’ ఉంది. పులిసిపోయిన మజ్జిగతో మజ్జిగ పులుసు పెట్టుకోవచ్చు, పాచిపోయిన కూరను పారబోయవలసిందే. ఇంట్లో ఇటువంటి పానీయాలు మొదలుపెట్టే వారందరికీ వచ్చే మొదటి భయం ‘ఇది పులిసిందా, పాడైందా’ అన్నదే కాబట్టి ఆ గీతను గీసి ఉంచిన భాష మనకు నిజంగా అక్కరకు వస్తుంది.

మరొక తేడా కూడా చెప్పాలి. ఆమ్లం పుట్టడం పులియడం, వాయువు పుట్టడం పొంగడం. శాస్త్రం ఈ రెండింటినీ ఒకే పేరు కింద చేర్చినా మన వంటిల్లు విడివిడిగా చూస్తుంది. పిండి పొంగి కూడా సరిగా పులియకపోవచ్చు, చలికాలంలో అంతగా పొంగకుండానే పులియవచ్చు. ఇడ్లీ పిండిలో ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా రెండు పనులూ చేస్తుంది గనుక మనకు ఆ తేడా అంతగా కనబడదు. సీసాలో పోసిన కొంబుచాలో అది బాగా కనబడుతుంది. నేను మొదటిసారి సీసాల్లో నింపినప్పుడు అల్లం రసం, బెల్లం కాస్త ఎక్కువే కలిపి, మూతలు గట్టిగా బిగించి అలమరలో పెట్టాను. మూడో రోజు రాత్రి ఒక సీసా పగిలి అలమరంతా తడిసింది. మా వారు గాజుపెంకులు ఏరుతూ ‘పులుస్తుందన్నావు గాని పొంగుతుందని చెప్పలేదే’ అన్నారు. అంతకంటె సరిగ్గా ఏ నిఘంటువూ చెప్పలేదని ఒప్పుకున్నాను. ఇప్పుడు రోజుకొకసారి మూత వదులు చేసి వాయువు పోనిచ్చి, తగినంత పొంగగానే ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

ఇక తరవాణి మాట. గంజిలోనో కడుగు నీళ్లలోనో ఉప్పు వేసి, మట్టికుండలో పులియనిచ్చి, దబ్బాకు నలిపి వేసుకుని తాగేవారు. కుండను పూర్తిగా ఖాళీ చేయకుండా అడుగున కొంత ఉంచి, మర్నాడు దాని మీదే కొత్త గంజి పోసేవారు. పశువులకు పెట్టే కుడితి వేరు, మనుషులు తాగే తరవాణి వేరు. ఎలుక పడే సామెత కుడితికే దక్కింది. చెన్నైలో మా పక్కింటి మామి రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున వార్చిన ఆ నీటిని నీరాగారం అంటుంది. తమిళ ‘నీర్’కు సంస్కృత ‘ఆహారం’ చేరి తమిళ నోట అలా మారింది. తమిళం సంస్కృతం మాట తెచ్చుకున్న చోట మనం తరవాణి అనుకుంటున్నాం, ఇందాకటి లెక్క ఇక్కడ తలకిందులైంది.

‘ప్రోబయోటిక్’ను మాత్రం అనువదించవద్దని నా మనవి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నియమించిన నిపుణుల బృందం, తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు అని దానికి నిర్వచనం ఇచ్చింది. పులిసినదంతా ఆ కొలతకు నిలవదు. ఏ సూక్ష్మజీవి, ఎంత మోతాదు, ఏ మేలు అన్నవి తేలాలి. ‘పులియబెట్టిన పానీయం’ అన్నప్పుడు జరిగిన పనిని చెబుతున్నామే తప్ప లేని హామీ ఇవ్వడం లేదు.

చివరగా ఇంగ్లీషులో ‘స్టార్టర్’ అంటున్నదానికి మనం హాయిగా ‘తోడు’ అనవచ్చు. పాలలో తోడు వేస్తాం, పాలు తోడుకుంటాయి. కొన్ని ఇళ్లలో దీన్నే చేమిరి అంటారు. తమిళులు పాలు గడ్డకట్టే ఫలితాన్ని చూసి ‘ఉఱైమోర్’ అన్నారు, మనం వెంట వెళ్లేవారిని చూసి తోడు అన్నాం. ఒంటరిగా ఉన్న పాలకు నలుగురిని జత చేసి పంపినట్లుంటుంది.

వ్యాఖ్య (మాస్టారు): అమ్మాయీ, పులియడం గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నా కిణ్వాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. తోడు దగ్గర మాత్రం సందేహం మిగిలింది. తోడంటే గిన్నెలో చెంచాడు మజ్జిగ. కొంబుచాలో వేసేది దిబ్బరొట్టెలా మందంగా తేలే పదార్థమని మా మనుమరాలు చూపించింది. దాన్ని తోడు అంటే చెవికి ఎబ్బెట్టుగా లేదా?

జవాబు: మాస్టారూ, దిబ్బరొట్టెతో పోల్చడం బాగుంది. అయితే ఆ రొట్టె బాక్టీరియా అల్లుకున్న సెల్యులోజ్ పొర. సూక్ష్మజీవులు దానిలోనూ ఉంటాయి గాని పని మొదలుపెట్టేది ముఖ్యంగా పాత సీసాలో మిగిల్చిన పుల్లటి ద్రవం. లీటరు తియ్యటి టీ చల్లారిన తరువాత నేను అందులో నూరు మిల్లీలీటర్ల దాకా ఆ పాత ద్రవం పోస్తాను. రొట్టె వేయకపోయినా వారం పది రోజుల్లో పైన కొత్త పొర కడుతుంది. ఆ ద్రవం తగ్గితే టీ త్వరగా పులుపెక్కదు, పైన బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది. చెంచాడు మజ్జిగకూ దీనికీ కొలతలోనే తేడా, పని ఒకటే. కాబట్టి ద్రవాన్ని తోడు అందాం, పైన తేలేదాన్ని మీ మాట ప్రకారం రొట్టె అందాం. నీళ్ల కెఫిర్ గింజలను మా ఇంట్లో పటికబెల్లం పలుకుల్లా ఉన్నాయని ‘పలుకులు’ అంటున్నాం. అంతకంటె మంచి మాట మీ వైపు ఉంటే రాయండి, డబ్బా మీద చీటీ మారుస్తాను.