పారాసూకస్ పేరు నిలబెట్టడం న్యాయమేనా?

రాళ్లపిచ్చి:
పాత ఆదిలాబాద్ జిల్లా మాలేరి రాళ్లలో దొరికిన ట్రయాసిక్ (డైనోసార్లు మొదలైన కాలం) ఫైటోసార్, అంటే మొసలిలా ఉండే ప్రాచీన సరీసృపం, పారాసూకస్ హిస్లోపి గురించి. 1885లో లిడెక్కర్ దీన్ని వర్ణించినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి ఓ మూతి ముక్క, పుర్రె వెనక భాగం, కొన్ని కవచ పలకలు. ఆ పుర్రె భాగం మరో రకం సరీసృపమైన రింకోసార్‌దని తర్వాత తేలింది. మిగిలిన మూతి చూసి అది ఏ ఫైటోసారో చెప్పలేం కాబట్టి పేరే చెల్లదని 1991లో హంట్, లూకస్ అన్నారు. అయినా 2003లో అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ పేరుకి ఆధారంగా ఉన్న పాత నమూనాను పక్కనపెట్టి, వేరే అస్థిపంజరానికి అదే పేరు కట్టబెట్టింది. దొడ్డిదారి కాదా ఇది?

ఆసిఫాబాద్ పోరడు:
దొడ్డిదారి ఎట్లైతది అన్నా? పాత నమూనా పనికిరాకుంటే కొత్తది పెట్టుకోవచ్చని రూల్సే చెప్తున్నయ్. కొత్తగా పెట్టింది శంకర్ చటర్జీ 1978ల వర్ణించినయాట్లదే; అవి ముక్కలు కావు, దాదాపు నిండు అస్థిపంజరాలు. రెండింటి కడుపులల్ల మాలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు సుత దొరికినయ్! కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)ల ఉన్నయ్. (లెక్కల సంస్థల రాకాసి బల్లులేందని నవ్వకుండ్రి, దాన్ని పెట్టిన మహలనోబిస్ పుణ్యం.)

రాళ్లపిచ్చి:
అస్థిపంజరం మీద నాకే పేచీ లేదు తమ్ముడూ. దానికో కొత్త పేరు పెడితే పోయేదేముంది? ఇప్పుడు చూడు, 2016లో కామెరర్ బృందం అమెరికా ఫైటోసార్ పేలియోరైనస్‌ను కూడా ఇందులో కలిపేసింది. 1904 నాటి ఆ పేరుకి మొదటి నమూనా ఓ మంచి పుర్రె. పారాసూకస్ పాతది కాబట్టి అదే నెగ్గింది. కలగాపులగం నమూనాతో పుట్టిన పేరు మంచి నమూనా ఉన్న పేరును మింగేసింది.

గోదారిగట్టు:
మీ ఇద్దరికీ ఓ దండం. పేరు సంగతి కమిషన్ తేల్చేసిందండీ, తేలంది దాని చుట్టరికం. పొడుగు మూతి, వీపున ఎముక పలకలు చూసి మొసలి అనేస్తాం. ముక్కు రంధ్రాలు చూడండి: మొసలికి మూతి కొసన ఉంటాయి, దీనికి బాగా వెనక, కళ్ల వైపున. 2011లో నెస్‌బిట్ ఫైటోసార్లను మొసళ్లు, డైనోసార్లు ఉన్న ఆర్కోసార్ గుంపు గడప బయట కూర్చోబెట్టాడు. 2016లో ఎజ్‌కుర్రా మళ్లీ మొసళ్ల వైపుకే తెచ్చాడు. నా ఓటు నెస్‌బిట్‌కే. కవచం, మూతి నీళ్లలో వేటకి విడివిడిగా కూడా పుట్టుకురాగలవు.

ఆసిఫాబాద్ పోరడు:
మరి మడమ సంగతేంది అన్నా? మొసలి లెక్కనే తిరిగే మడమ కీలు దీనికీ ఉంది. అది సుత విడిగనే పుట్టిందంటరా?

గోదారిగట్టు:
అక్కర్లేదు. ఆ కీలు మొసళ్లకీ దీనికీ పూర్వీకుల నుంచే వచ్చి, డైనోసార్ల వైపు తర్వాత మారిపోయుంటే సరిపోతుంది.