గేర్‌బాక్స్ పోతే డ్రైవర్ జీతం కోయొచ్చా?

రాయగడ డ్రైవర్:
అన్నలూ, మా గోడౌన్‌లో 3 టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్, ఆటోమేటిక్. ముందుకు లాగుతోంది. రివర్స్ వేస్తే ఇంజన్ అరవడమే తప్ప బండి కదలదు. "ఇంచింగ్ పెడల్ తొక్కి తొక్కి క్లచ్ ప్లేట్లు కాల్చేశావు, జీతంలో కోస్తా" అంటున్నాడు ఓనరు. ఇది న్యాయమేనా?

గుణుపురం గ్యారేజీ:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, ఆయన మాటలో నిజం ఉండొచ్చు. ఆ పెడల్ సగం నొక్కితే క్లచ్ ప్యాక్‌కి, అంటే గేర్‌బాక్స్‌లో ఉండే ఆ ప్లేట్ల కట్టకి, వెళ్లే ఆయిల్ ప్రెజర్ తగ్గి ప్లేట్లు జారతాయి. రాక్ దగ్గర అంగుళం అంగుళం జరపడానికి పెట్టిందది. ర్యాంప్ మీద లోడు బండిని దాంతోనే ఆపి ఉంచితే కాలవా మరి? బండి ఆగకముందే లివర్ వెనక్కి కొట్టేవాళ్లను రోజూ చూస్తున్నాను. బిల్లు కట్టేది ఓనరే కదా.

పర్లాకిమిడి మెకానిక్:
నేనొప్పుకోను. విప్పి చూడకుండా నేరం ఎలా కడతారు? రెండు వైపులా లాగకపోతే ఆయిల్ తక్కువో, స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ) మూసుకుందో, పంపు పోయిందో అనుకోవాలి. ఒక్క రివర్సే పోతే ముందు లివర్ స్విచ్, సొలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచే వాల్వు) వైరు చూడాలి, ఆ తర్వాతే రివర్స్ క్లచ్ ప్యాక్. కిందటి ఎండాకాలం ఒక కాగితం గోడౌన్‌కి వెళ్లాను. గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తెల్లగుడ్డకి తుడిస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది, మాడు వాసన. రేడియేటర్ నిండా కాగితం నూగు, దూది పరిచినట్టు. గాలి ఆడక ఆయిల్ ఉడికిపోయింది. అక్కడా డ్రైవర్నే తిట్టారు! రేడియేటర్‌కి గాలి కొట్టి నూగు దులిపించడం, బండి నడిచిన గంటల లెక్కన ఆయిల్ మార్పించడం ఎవరి పని? డ్రైవరు చెప్పేది వినకుండా నష్టానికి జీతం కోయకూడదన్నది 1936 నాటి వేతనాల చట్టం నుంచీ ఉన్న నియమం. తమ్ముడూ, డిప్‌స్టిక్ తీసి రంగు చెప్పు.

రాయగడ డ్రైవర్:
ఇప్పుడే చూశానన్నా. పాలు కలిపిన టీలా ఉంది. వాసనేం లేదు.

గుణుపురం గ్యారేజీ:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అది నీళ్లు. చాలా బండ్లకు గేర్ ఆయిల్ చల్లార్చే గొట్టం రేడియేటర్ కింది ట్యాంకులోనే ఉంటుంది. అది చిల్లు పడినట్టుంది. నీళ్లు తగిలితే ప్లేట్ల లైనింగ్ ఊడుతుంది, పెడల్‌కీ దానికీ సంబంధం లేదు. పెడల్ అలవాటు మాత్రం చూసుకో, అది వేరే సంగతి.

పర్లాకిమిడి మెకానిక్:
ఇంక స్టార్ట్ చెయ్యకు. ఇంజన్ బాగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, నీళ్ల మీద నూనె తేలుతోందేమో చూడు. రెండూ ఫోటో తీసి, ఓనరు చూస్తుండగానే కొంచెం ఆయిల్ సీసాలో పట్టి ఉంచు.