అప్‌డేట్: పాప తీసివేతల గొడవ తీరింది

రెండో తరగతి చదివే మా పాపకి తీసివేతలు రావట్లేదని, ఇంట్లో రోజూ ఏడుపులేనని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

క్లాస్ టీచర్ నోట్‌బుక్ చూడగానే పట్టేశారు. 52లోంచి 27 తీసేస్తే 35 అని వేస్తోంది. 2లోంచి 7 పోదు కదా, అందుకని తిప్పి 7లోంచి 2 తీసేస్తోంది!

పనిచేసింది ఇక్కడొకరు చెప్పిన చిల్లర ఆట. ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి 27 ఇమ్మన్నాను. "చిల్లర లేదమ్మా" అంది. ఒక నోటు తీసుకుని పది బిళ్లలిచ్చాను. నాకు ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలినవి 25 అని తనే చెప్పింది. వారంలో కాగితం మీదా వచ్చేసింది. బెంగళూరులో కూరగాయల బండి దగ్గరా ఫోన్‌పేనే, బిళ్లలు పోగేయడమే కష్టమైంది.

మీ సలహాల్లో వచ్చిన కంటి పరీక్ష కూడా చేయించాం, చూపు బాగానే ఉంది. అబాకస్ క్లాసు అవసరం పడలేదు.