ఇద్దరు పిల్లలను ఒకే మంచం మీద పండబెట్టుడు ఎట్ల?

ప్రశ్న (హన్మకొండ నుంచి): పెద్దోడికి నాలుగున్నర, చిన్నదానికి రెండేళ్లు. ఎనిమిదిన్నరకు పండబెడదామంటే, తొమ్మిదింటికి వాళ్ల బాపు డ్యూటీ నుంచి రాంగనే మళ్ల ఎగురుడు షురూ. పది దాటుతది. ఒకరు కన్ను మూస్తే ఇంకొకరు లేపుతరు. పొద్దుగాల ఎనిమిదింటికి స్కూల్ ఆటో. ఆ ఆఖరు అరగంట పిల్లలతోటి నిమ్మళంగ గడవాలంటే ఏం చేయాలె?

కాజీపేట అక్క: ముందు గంటలు లెక్కపెట్టుకో చెల్లె. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. ఆరున్నరకు లేవాలంటే పెద్దోడు ఎనిమిదిన్నరకు పడుకుంటేనే పది గంటలు. పది గంటలకు ఎగురుతున్నడంటే హుషారుతోటి కాదు, అలసట ఎక్కువై. పిల్లలు బాగ అలసిపోతే మెత్తబడరు, ఇంకింత రెచ్చిపోతరు. పగటి కునుకు మధ్యాహ్నం మూడింటిని దాటనీయకు.

ఏడింటికి బువ్వ. ఏడున్నరకు టీవీ, ఫోన్ రెండూ బంద్, హాల్లో పెద్దవాళ్లు చూసే సీరియల్ కూడా. తర్వాత గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు కడిగి, పాలు తాగించి, ఆఖరుకే పండ్లు తోమాలె. తోమినంక పాలిచ్చినా, పాలసీసా నోట్లె పెట్టి పండబెట్టినా పాలల్ల ఉండే చక్కెర రాత్రంతా పండ్లకు పట్టుకుని ఉంటది, పుచ్చేది అందుకే. చిన్నదానికి బియ్యపు గింజంత పేస్ట్ చాలు, పెద్దోడికి బఠాణీ గింజంత.

వాళ్ల బాపు కోసమని పిల్లలను ఆపకు. పొద్దుగాల లేపుడు, తానం, బువ్వ తినిపిచ్చుడు ఆయనకు అప్పజెప్పు. పెందలాడే వచ్చిన నాడు కథ ఆయనదే, ఎత్తి ఎగరేసుడు మాత్రం వద్దు.

మట్టెవాడ నుంచి ఒకరు: ఇద్దరినీ ఒకేసారి మంచమెక్కిస్తే నడవదు. చిన్నదాన్ని ఓ ఇరవై నిమిషాలు ముందు పండబెట్టండి, అప్పటిదాక పెద్దోడు నాయనమ్మ దగ్గర బొమ్మల పుస్తకం చూస్తడు. ట్యూబులైటు తీసేసి, మంచం కంటే కిందికి పసుపు రంగు చిన్న బల్బు పెట్టుకోండి. పాటకు వెతకనక్కర లేదు. మన బతుకమ్మ పాటల్ల ప్రతి చరణం చివర వచ్చే ‘ఉయ్యాలో’ పట్టుకుని, మధ్యల పిల్ల పేరు, ఆ రోజు చూసిన మేకపిల్ల, తిన్న జొన్నరొట్టె కలుపుకుంటూ పోవచ్చు. చప్పట్ల వేగంతోటి కాదు, పాప ఊపిరికి తగ్గట్టు పాడాలె. జోకొట్టేటప్పుడు కూడా అంతే: కొట్టు కొట్టుకు మధ్య ఎడం పెంచుకుంట పోయి, ఆఖరుకు చెయ్యి ఊరికె ఆనించి ఉంచాలె. ఒక్కసారి తీసేస్తే కళ్లు తెరుస్తది. పాప చెయ్యి కొంచెం లేపి వదలండి. మెత్తగ జారిపడితే నిద్ర పట్టినట్టే, బిగబట్టితే ఇంకా ఆగాలె.

పెద్దోడికి కథ పది నిమిషాలు, రాక్షసులు, యుద్ధాలు లేనివి. రామప్ప గుడి శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు పెట్టిండ్రని చెప్పండి. ఎట్ల తేలుతయంటడు. లోపల సన్నసన్న బొక్కలుంటయి, అందుకే తేలిక అని చెప్పి, మిగతాది రేపటికి ఉంచండి. చీకట్లనే పిల్లలు మనసుల మాట బయటపెడతరు, బడిల ఎవరన్న కొట్టిన సంగతి కూడా. అప్పుడు సలహాలు ఇయ్యకండి, ఊఁ కొట్టుకుంట వినండి.

కరీంనగర్ రోడ్డు నుంచి ఇంకొకరు: ఎండకాలం కూలర్ పెడితే కిటికీ తెరిచే ఉంచాలె. మూసిన గదిల తేమ నిలిచి ఒళ్లు జిగటైతది, పిల్లలు పొర్లుతనే ఉంటరు. దోమతెర అంచులు పొద్దు మునగకముందే పరుపు కింద దోపాలె, దోమలు లోపలికి వచ్చినంక దోపితే లాభం లేదు. మూసిన గదిల కాయిల్ అంటియ్యద్దు.

ప్రశ్న అడిగినామె: అన్నీ అయినంక కూడా పెద్దోడు నీళ్లని, ఉచ్చని నాలుగుసార్లు లేస్తడు?

కాజీపేట అక్క: నీళ్ల సీసా దిండు పక్కనే పెట్టు, బాత్రూం పండుకునే ముందటే పోనీ. ‘ఇంకొక్కసారి లేవచ్చు’ అని ముందే మాట చెప్పు. రెండోసారి లేస్తే లైటు వేయకు, ముచ్చట పెట్టకు, చెయ్యి పట్టుకుని మంచం మీదికి తీసుకొచ్చెయ్. తిడితే ఏడుస్తడు, ఏడుపుకు చిన్నది లేస్తది. మొదటి రోజులల్ల మొండికేస్తడు, ఒక్కనాడు సందిస్తే మళ్ల మొదటికి వస్తది.