ఈ వారం సమస్య: "పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

"పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె"

ఈసారి విషయం కూడా ఇస్తున్నాను: టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితం. 'కొలఁది' అన్న మాట మీద దృష్టి పెట్టండి. పేద అయినా పెద్దవాడయ్యాడు అని కాదు, ఎంత పేదైతే అంత పెద్దయ్యాడు అని అర్థం రావాలి. పూరణ బరువంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

విజయవాడ సభ్యుడు:
నా ప్రయత్నం.

సింహ మనిరి జనులు చిరకాల మెల్లరు
వీరుఁ డనిరి జాతి వెలుఁగు గనిరి
ధనము లేకపోయె ధర్మంబు విడఁడయ్యె
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

ఒంగోలు మాస్టారు:
నాయనా, గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో యతిస్థానంలోని అక్షరం కుదిరింది. కానీ మొదటి పాదంలో 'జనులు' అన్నాక మళ్ళీ 'ఎల్లరు' ఎందుకు? అది పాదపూరణకు వచ్చిన మాట. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి. ఈ పద్యం ప్రకాశంగారికే కాదు, ఏ త్యాగమూర్తికైనా సరిపోతుంది. ఆయన జీవితంలో జరిగిన ఒక్క సంగతి కూడా ఇందులో లేదు. 'కొలఁది' కూడా పలకలేదు.

విజయవాడ సభ్యుడు:
నిజమే మాస్టారూ. ఇంకోటి రాసి పెడతాను.

డల్లాస్ మిత్రుడు:
సైమన్ కమిషన్ నాటి ఘట్టం తీసుకున్నాను.

గుండు ముందు గుండె గురిచేసి నిలిచెను
చెన్నపురిని నాఁడు వీరుఁ డగుచు
వేలు తెచ్చు వృత్తి విడిచి వచ్చిన వాఁడు
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

ఒంగోలు మాస్టారు:
మొదటి పాదం చదివి ఆగిపోయాను. గుండు, గుండె పక్కపక్కన భలే కుదిరాయి. రెండో పాదంలో యతి తప్పింది. 'చె'కి 'వీ' కుదరదు. 'వీరుఁ డగుచు' తీసి 'సింహ మగుచు' అనండి. చకారానికి సకారంతో యతి చెల్లుతుంది, ఎ-ఇలకు మైత్రి ఉంది. పైగా ఆంధ్రకేసరి బిరుదు కూడా లోపలికి వచ్చేస్తుంది.

డల్లాస్ మిత్రుడు:
ధన్యవాదాలు మాస్టారూ, మార్చాను. ఇది గుంటూరులో జరిగిందని మా ఇంట్లో అనేవారు. 'చెన్నపురి' అని రాసేటప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను.

నిర్వాహకుడు:
చెన్నపురే సరి. కమిషన్ బొంబాయిలో దిగిన రోజు, 1928 ఫిబ్రవరి 3న, మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర ప్యారీస్ కార్నర్‌లో పోలీసు కాల్పులకు ఒకరు చనిపోయారు. ఆ మృతదేహాన్ని చూడడానికి వెళ్తున్న పంతులుగారిని తుపాకులతో అడ్డగిస్తే చొక్కా తెరిచి రొమ్ము చూపించారు. అప్పటికి ఆయన వయసు 55. ఏదో కుర్రతనపు ఆవేశం అని తీసేసే వీలు లేదు.

రాజమండ్రి సభ్యుడు:
మా ఊళ్ళో ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు, మున్సిపల్ ఛైర్మన్ కూడా. ఆ ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. అంత కష్టపడి సంపాదించుకున్న కోటును 1921లో విప్పేశారు. నా పద్యం అక్కడి నుంచి మొదలవుతుంది.

నల్లకోటు విడిచి నడిపెను బత్రిక
ఆస్తి యచ్చుసిరకు నంకితంబు
అప్పు మిగిలె నైన నతని పల్కు నిలిచె
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

ఒంగోలు మాస్టారు:
ఇది నాకు నచ్చింది. డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పిన పద్యం ఇప్పటికి ఇదొక్కటే. 'సిరా'ను 'సిర' చేయడం మాత్రం ఒప్పుకోను. 'అచ్చుపనికి' అంటే గణం చెడదు, అర్థమూ నిలుస్తుంది.

నిర్వాహకుడు:
నాదీ అదే అభిప్రాయం. 'స్వరాజ్య' పత్రికను ఆయన ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో నడిపారు. ఆస్తి కరిగింది విలాసాలకు కాదు, ఎక్కువగా ఆ పత్రికకే. ఆ కాలంలో జాతీయవాద పత్రిక నడపడమంటే ఒక పక్క ప్రభుత్వం ఒత్తిడి, ఇంకో పక్క కాగితం ఖర్చు. ఆయన పేదరికం గురించి రాసేవాళ్ళు దాన్ని విధి ఆడిన ఆటలాగా రాస్తుంటారు, నాకది బాధ కలిగిస్తుంది. ఆయన తెలిసి, ఎంచుకుని, దేనికి ఎంత పోతుందో చూస్తూనే పేదయ్యారు.

విజయవాడ సభ్యుడు:
రెండోసారి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా ఆయన పదవి పోయిన సందర్భం.

ముఖ్యమంత్రి యయ్యు మూట గట్టుకొనఁడు
ఒక్క యోటు తగ్గి యూడె గద్దె
ఎండలోనఁ దిరిగె నెనుబదేండ్లను దాఁటి
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

రాజమండ్రి సభ్యుడు:
పద్యం బాగుంది తమ్ముడూ, పైన రాసిన మాట సరిచెయ్యి. ఆయన 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956లో, దానికి తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. అంతకుముందు 1946-47లో పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని కూడా నడిపారు, అప్పుడు ఆ పదవిని ప్రధాని అనేవారు. ఒక్క ఓటు సంగతి నిజమే. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై పెట్టిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

ఒంగోలు మాస్టారు:
మూడో పాదం గుండె పట్టేసింది. 84 ఏళ్ళ మనిషి మండుటెండలో తిరిగి, వడదెబ్బ తగిలి, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. మొదటి పద్యం రాసిన చేయే ఇదీ రాసిందంటే సంతోషంగా ఉంది.

హైదరాబాదు సోదరి:
నాదొక సందేహం. ఆయన పుట్టుకతోనే పేద కదా. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచారు. ఆ పేదరికం ఆయన్ను పెద్ద చేయలేదు, చదువుకోవడానికి అడ్డం పడింది. కాబట్టి సమస్యలోని పేదరికం రెండోది, కావాలని తెచ్చుకున్నది. రెండూ కనిపించేలా రాశాను.

అమ్మ వండి పెట్టి యా బిడ్డఁ బెంచెను
లాయరయ్యె లక్ష లార్జియించె
మెట్టు మెట్టు దిగుచు మేడ లన్నియు నమ్మె
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, నేను అడిగిన 'కొలఁది' ఇక్కడ దొరికింది. మెట్టు మెట్టు దిగుతుంటేనే కదా కొలత తెలిసేది! సంపదలో దిగుతున్న ప్రతి మెట్టూ నాలుగో పాదంలో ఎక్కుతున్న మెట్టవుతోంది.

ఒంగోలు మాస్టారు:
నేనూ అదే అనబోతున్నాను. 'నమ్మె' అన్నచోట అమ్మడం, నమ్మడం రెండూ వినిపిస్తున్నాయి. అయితే రెండో పాదంలో యతి చూడమ్మా. 'లక్షలు + ఆర్జియించె' కలిసి 'లా' అయింది. అక్కడి లకారం ముందున్న 'లక్షలు' అనే మాటది. యతికి పనికివచ్చేది 'ఆ' అచ్చు ఒక్కటే. 'లాయరు'లో లాకు అది చాలదు.

హైదరాబాదు సోదరి:
అవును మాస్టారూ, సంధిని గమనించలేదు. ప్లీడరు అంటే ఆ కాలపు మాట వచ్చేది గానీ మళ్ళీ యతి వెతుక్కోవాలి. ఇలా మార్చాను, చూడండి.

అమ్మ వండి పెట్టి యా బిడ్డఁ బెంచెను
లాయరయ్యె నంత లక్ష లబ్బె
మెట్టు మెట్టు దిగుచు మేడ లన్నియు నమ్మె
పేదయైన కొలఁదిఁ బెద్ద యయ్యె

ఒంగోలు మాస్టారు:
ఇప్పుడు సరిపోయింది తల్లీ.