జపమాలలూ క్రీస్తు దేహం లేని ఖాళీ సిలువలూ ఒకే కొట్టులో అమ్మేవాళ్లు ఉన్నారా?

కొత్త_కొట్టు
కొట్టు తెరిచి నాలుగు నెలలైంది. కాథలిక్కులూ వస్తారు, ప్రొటెస్టెంట్లూ వస్తారు. ముందు అరలో మరియమాత విగ్రహాలు చూసి ఇద్దరు గుమ్మంలోంచే వెళ్లిపోయారు. వాటిని వెనక్కి జరిపితే కాథలిక్కులు నొచ్చుకున్నారు. మీరు అరలు ఎలా సర్దుతున్నారు? బైబిళ్లు కలిపి పెట్టవచ్చా? తిరిగి తెస్తే తీసుకుంటున్నారా?

రెండో_తరం
నాకు బైబిళ్ల దగ్గరే దెబ్బ తగిలింది. ఒక కాథలిక్ కుటుంబం కానుకగా ఇవ్వడానికి కొనుక్కుంటే 66 పుస్తకాలది ఇచ్చాను. తోబితు, యూదితు, మక్కబీయులు ఏవని వేడుకలో అందరి ముందూ అడిగారట. వాళ్లది 73. ఆ తల్లి వచ్చి ఏడ్చినంత పని చేసింది. ఇప్పుడు ప్రతి అట్ట మీదా 66 అనో 73 అనో చీటీ అంటిస్తాను. మీది ఏ సంఘమని అడగను, ఎన్ని పుస్తకాలది కావాలని అడుగుతాను.

చెక్కపని
నాకు పది ఆజ్ఞల పలకలతో వచ్చింది తంటా. "నరహత్య చేయకూడదు" కాథలిక్కులకు 5వది, ప్రొటెస్టెంట్లలో చాలామందికి 6వది. ఒకే నమూనాలో ముప్ఫై చెక్కితే పదకొండు తిరిగొచ్చాయి. మూడు వారాల పని పోయింది. ప్రభువు ప్రార్థన పలకలూ అంతే. "రాజ్యము, బలము, మహిమ" అనే చివరి మాట లేకపోతే ప్రొటెస్టెంట్లు సగమే చెక్కావంటారు. కాథలిక్కులు దానికి ముందే ఆపుతారు. ఆజ్ఞలకు అంకెలు వేయడమే మానేశాను.

వాక్యమే_దీపం
అంకెలు కాదండీ సమస్య. విగ్రహాలు చేసుకోకూడదన్న రెండో ఆజ్ఞ తీసేసిన పలకను అసలు అమ్మకూడదు. దాన్ని ఎత్తేసి, లెక్క సరిపోవాలని, ఆశించకూడదన్న చివరిదాన్ని రెండు చేశారు.

జపమాల_73
ఎవరు తీసేశారు? నిర్గమకాండం 20వ అధ్యాయం మా బైబిల్లోనూ అక్షరం పోకుండా ఉంది. దాన్ని మొదటి ఆజ్ఞలోనే కలిపి చదువుతాం. అది తొలినాటి సంఘ గురువు అగస్టీను నాటి లెక్క. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజం అనే ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలోనూ అదే వరుస. మరి లూథరన్లు కూడా ఎత్తేశారంటారా? కొట్టు పెట్టినాయనకూ ఒక మాట. వాటిని విగ్రహాలనకండి, స్వరూపాలనండి. మా అమ్మ చివరి రాత్రంతా మరియమాత స్వరూపాన్ని చూస్తూనే ఉంది. ఆ మాట వింటే నాకు గుచ్చుకుంటుంది.

వాక్యమే_దీపం
మీ అమ్మగారి గురించి నేనేమీ అనలేదు. కానీ పలక మీద ఆ వాక్యం లేదు కదా. గోడ మీద చదువుకునే పిల్లవాడు నిర్గమకాండం తెరిచి చూస్తాడా?

చెక్కపని
ఆ మాట నిజమే. చిన్న పలకలో మొదటి ఆజ్ఞకు ఒక్క వరుసే పడుతుంది. అందుకే ఇప్పుడు పెద్ద పలక మీద 2 నుంచి 17వ వచనం వరకు మొత్తం చెక్కుతున్నాను. బరువెక్కువ, మేకు గట్టిది కావాలి.

టోకు_22ఏళ్లు
22 ఏళ్లుగా ఇదే టోకు వ్యాపారం నాది. ప్రొటెస్టెంట్లంతా ఒకటే అనుకోవడం దగ్గరే మీరంతా తప్పు చేస్తున్నారు. క్రీస్తు దేహం ఉన్న సిలువ కావాలనే లూథరన్లు నాకు ఎందరో ఉన్నారు. 59 పూసల జపమాల పక్కన 33 పూసల ఆంగ్లికన్ మాల వేలాడదీస్తే కొనేవాళ్లు పొరబడతారు, విడిగా పెట్టండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం కొవ్వొత్తుల వలయం కాథలిక్కుల సరుకని పక్కన పెట్టేవాళ్లనూ చూశాను. దాన్ని 1839లో హాంబర్గ్‌లో మొదలుపెట్టింది లూథరన్ అయిన విహెర్న్. వలయం ఒకటిగా, కొవ్వొత్తులు వేరుగా అమ్మండి. కాథలిక్కులకు ఊదావి మూడు, గులాబీది ఒకటి. మిగతావాళ్లలో కొందరు నీలం, కొందరు ఎరుపు అడుగుతారు.

మౌనప్రార్థన
నా బాధ వేరు. ఆన్‌లైన్‌లో ఒకరు "ఆశీర్వదించిన జపమాల" అని ధర పెంచి అమ్మితే కొన్నాను. తర్వాత మా ఫాదర్ చెప్పారు, ఆశీర్వాదానికి వెల కట్టడమే తప్పని, అమ్మిన వస్తువుకు పాపశిక్ష మన్నింపు వరం నిలవదని. పునీతుల అవశేషాలైతే అసలు అమ్మకూడదని 1983 నాటి కాథలిక్ సంఘ చట్టం, అంటే కానన్ చట్టంలోనే ఉంది, 1190వది చూడండి. దయచేసి ఆశీర్వదించనివే అమ్మండి, కొన్నాక వాళ్లే గుడికి తీసుకెళ్తారు.

కొత్త_కొట్టు
స్వరూపాలు అనే అంటాను, తెలియక రాశాను. క్షమించండి. అరల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

రెండో_తరం
సంఘాన్ని బట్టి కాకుండా సందర్భాన్ని బట్టి సర్దండి. పెళ్లి, పసిబిడ్డ, మరణం, పండుగ. కార్డులు మాత్రం రెండు రకాలూ పెట్టాలి. ఒకరు జ్ఞానస్నానం అంటారు, ఒకరు బాప్తిస్మం అంటారు.

వాక్యమే_దీపం
అలా కలిపితే నేను రాను. ముందే చెబుతున్నాను.

జపమాల_73
నేను వస్తాను. ఇంతకీ మా పాత సరుకులో జపమాల కరపత్రాలు ఒక పెట్టెడు మిగిలాయి. 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చిన వెలుగు రహస్యాలు, అంటే జపమాల చెబుతూ ధ్యానించే అయిదు క్రీస్తు ఘట్టాలు, వాటిలో లేవు. పారేయడానికి చేతులు రావడం లేదు. ఏం చేస్తున్నారు మీరంతా?

టోకు_22ఏళ్లు
ఆ అయిదూ ఒక చిన్న కాగితం మీద అచ్చు వేయించి లోపల పెట్టండి. నేను అలాగే అమ్మాను.